లచ్చి నోరు మూసిన నలభై నిమిషాలు

లచ్చి నలభై నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుంటుందంటే తండాలో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని చుట్టుపక్కల నాలుగు తండాలకూ తెలుసు. బస్సెక్కితే డ్రైవరుకు దారి చెప్తుంది. దవాఖానకు పోతే డాక్టరుకే రోగం చెప్తుంది. నిద్రలో కూడా కోడలిని ఏదో ఒకటి అనే మనిషి. అలాంటి లచ్చి ఏప్రిల్ నెలలో ఒక శనివారం మిట్టమధ్యాహ్నం డోర్నకల్‌లో పాత మిషన్ బడి హాల్లో ముందు బెంచీ మీద కూర్చుని, తలమీది గుడ్డ చెంగు గుప్పిట్లో నలుపుతూ పెదవులు బిగించిందంటే, ఊరికే కాదు. మనవరాలి బతుకు ఆ నలభై నిమిషాల మీద ఆధారపడి ఉంది.

మనవరాలు గీతకు పదిహేడేళ్లు. లచ్చి కొడుకు టీక్యా బిడ్డ. టీక్యా భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు కూలి, అతనికి ఆ రోజు సెలవు దొరకలేదు. గీత మూడో తరగతి నుంచి డోర్నకల్ మిషన్ హాస్టల్లోనే ఉండి చదువుకుంది. అక్కడి లత టీచరు ఆదివారాలు చర్చిలో పియానో వాయిస్తుంది. ఆమె గీతకు తొమ్మిదో ఏట ఆ పియానో మెట్ల మీద వేళ్లు పెట్టించింది, ఇప్పటిదాకా తీయనివ్వలేదు. లచ్చి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ మనవరాలి వాయింపు వినలేదు. పండక్కి ఇంటికొచ్చిన పిల్ల వెంట ఆ బీరువా అంత పెట్టె రాదు కదా.

ఇప్పుడు చెన్నైలో ఒక సంగీత కళాశాల ఉంది. ఫీజు లేదు, తిండీ వసతీ వాళ్లవే. సీట్లు మాత్రం దేశం మొత్తానికి ఆరు. సీటు కావాలంటే నలభై నిమిషాలు పియానో ఒక్కటే, ఒంటరిగా, పక్క వాయిద్యం లేకుండా వాయించి వీడియో పంపాలి. వాయించేవన్నీ నూటయాభై, రెండు వందల ఏళ్ల కిందటి యూరప్ వాళ్ల గొప్ప రచనలై ఉండాలి, రొమాంటిక్ యుగం అంటారు వాటి కాలాన్ని. కెమెరా మధ్యలో ఆపకూడదు, అతుకులు పెట్టకూడదు. ఎదురుగా కనీసం ఇరవైమంది కూర్చుని వినాలి. ఎవరూ లేని గదిలో వాయించడం వేరు, జనం ముందు వాయించడం వేరు అని వాళ్ల లెక్క. వీడియో ఆ శనివారం సాయంత్రం ఆరులోపల చేరాలి.

వినేవాళ్లకేం, హాస్టలు పిల్లలున్నారుగా అనుకుంది లత టీచరు. వాళ్ల పరీక్షలు ముందే అయిపోయి, శుక్రవారం పొద్దున మూటాముల్లె సర్దుకుని ఇళ్లకు పోయారు. టీచరు పరేషానై ఫోను చేస్తే లచ్చి నవ్వింది.

"ఇరువై మందేనా టీచరమ్మా? ముప్పై మందిని తెస్త. మా తండల మనుషులకు కరువా?"

తెచ్చింది కూడా. అక్కడే ఆమె కొరివితో తల గోక్కుంది.

మిర్చి ఏరే రోజులు. తండా మొత్తం చేలల్లోనే ఉంది. లచ్చి గట్ల మీద తిరిగి, తిట్టి, బతిమాలి, ఎవరి పని వాళ్ల దగ్గర ఆపించి ముప్పై ఇద్దరిని పోగుచేసింది. ఇంటికెళ్లి చీరలు మార్చుకుని వస్తామన్న వాళ్లను కూడా ఆగనివ్వలేదు. "గాడ మిమ్ముల ఎవరు జూస్తరే, జూసేది పిల్లనే," అని గదిమింది. దస్రు ట్రాక్టరు అప్పుడే మహబూబాబాద్ యార్డులో ఎండుమిర్చి దింపి వచ్చింది. ట్రాలీ కడుగుతానంటే, "కడిగేటాల్లకు పొద్దు గూకుతది, నడువ్" అని వాడినీ తొందరపెట్టింది. అలా ముప్పై ఇద్దరూ మిర్చి దుమ్ములో కూర్చుని డోర్నకల్ చేరారు.

హాల్లో వాళ్లను బెంచీల మీద సర్ది లత టీచరు ఏం జరగబోతోందో చెప్పింది. గీత మొదట షూమన్ అనే ఆయన చిన్న ముక్కలు వాయిస్తుంది, తర్వాత షోపాన్ అనే ఆయన రాత్రి పాట, ఆయనదే ఇంకో పెద్ద రచన, చివర బ్రామ్స్ అనే ఆయనది. మాటలుండవు, రాగమే. రొమాంటిక్ అన్న మాట వినగానే దస్రు వెనక నుంచి, "లవ్ పాటలా టీచరమ్మా?" అన్నాడు. లచ్చి తల తిప్పి చూసింది. వాడు బెంచీలో కిందికి జారి కూర్చున్నాడు.

స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా బండ్ల దారులు మార్చే యుగేందర్ హాల్లో ఫోను స్టాండు మీద పెట్టి కెమెరా చూసుకుంటున్నాడు. లత టీచరు దగ్గరే చదువుకున్నవాడు. హాలుకు వంద గజాల్లో రైలు పట్టాలు. బండి చప్పుడు పడితే ఆ చప్పుడులో తప్పులు దాచుకున్నారని చెన్నై వాళ్లు అనుకుంటారట. అందుకని యుగేందర్ బండ్లు లేని వేళ వెతికి పెట్టాడు. పన్నెండు ఇరవై నుంచి ఒంటిగంట పది దాకా ఒకటి, మూడు నలభై నుంచి నాలుగున్నర దాకా ఇంకొకటి. ఆ తర్వాత ఆరు దాకా బండి మీద బండి, ఊపిరాడదు.

పన్నెండు ఇరవై రెండుకు గీత వచ్చి తెల్ల చుడీదారులో పియానో ముందు కూర్చుంది. ఎండకు హాలు కాలిపోతోంది. పాపం ముసలివాళ్లున్నారని లత టీచరు జాలిపడి ఫ్యాన్లు వేయించింది.

మొదటి ముక్క అయింది. రెండోది మొదలైంది. ఫ్యాన్లు బాగా అందుకున్నాయి. ముప్పై ఇద్దరి బట్టల్లోని మిర్చి దుమ్ము లేచి హాలంతా తిరిగింది. మూడో బెంచీలో ఎవరో తుమ్మారు. ఆ వెనకే ఇంకొకరు. ముక్కు మూసుకున్నవాళ్లకు దగ్గు వచ్చింది, నోరు మూసుకున్నవాళ్లకు కళ్లు మండాయి. లచ్చి ఊపిరి బిగబట్టి, మొహం కందగడ్డ చేసుకుని, ఆఖరికి ఎంత తుమ్ము తుమ్మిందంటే కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. అప్పటికే పియానో దగ్గర గీత కూడా దగ్గుతోంది. వేళ్లు మెట్ల మీది నుంచి జారాయి. ఎనిమిదో నిమిషంలో ఆగిపోయింది.

యుగేందర్ ఫోను ఆపాడు.

అందరూ వరండాలోకి పరుగెత్తారు. తుమ్ములు తగ్గేసరికి ఒంటిగంట దాటింది, గూడ్సు బండి కూత పెట్టుకుంటూ వెళ్లింది. గీత పియానో మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది. లచ్చి ఆమె దగ్గరికి పోయింది.

"దాదీ, గా ట్రాలీల ఏం తెచ్చిన్రు?" అని అడిగింది గీత.

లచ్చి చెప్పింది. దాచలేదు.

"నాకు ఇంకొక్కసారే ఉన్నది దాదీ. గది గూడ పోతే వచ్చే ఏడాది దాకా లేదు. వచ్చే ఏడాదికి నా వయసు చెల్లదు." గీత గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని లచ్చికి అనిపించింది. పిల్ల అలసిపోయినట్టు మాట్లాడింది, పెద్దదానిలా. అంత నోరు పెట్టుకుని, అంత తిరిగి, ముప్పై మందిని తెచ్చి, తన చేత్తో తనే పిల్ల కంట్లో కారం కొట్టినట్టయింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది.

సిగ్గుపడి కూర్చునే మనిషి మాత్రం కాదు. మూడు గంటలకు హాస్టలు నల్లాల దగ్గర ముప్పై ఇద్దరినీ వరుసగా నిలబెట్టింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. బకెట్లతో నీళ్లు నెత్తిన గుమ్మరించింది. బట్టలతోనే ముంచింది, పిండించింది, మళ్లీ ముంచింది. ఎదురు తిరిగిన వాళ్లను రెండుసార్లు ముంచింది. కోడలు, గీత తల్లి చంద్రి హాలు మొత్తం తడిగుడ్డతో తుడిచింది, బెంచీల కింద కూడా. తర్వాత లచ్చి తన వాళ్లందరినీ వరండాలో నిలబెట్టి, తమ మాటలో, తమ తల్లిదేవత మేరామ యాడి మీద ఒట్టు పెట్టించింది.

"నేను చెప్పిందాక ఎవ్వరూ సప్పుడు జెయ్యొద్దు. దగ్గొస్తే మింగుండ్రి. తేలు కుడితే కుట్టనియ్యుండ్రి. నేను నోరు తెరిస్తెనే మీరు తెరువాలె. తెరిస్తె యాడి మీద ఒట్టు."

తడిసి ముద్దయిన ముప్పై రెండు తలలు ఊగాయి. లంబాడీ తండాలో యాడి మీద ఒట్టు తప్పినవాడు లేడు.

మూడు నలభై ఒకటికి తలుపులు వేశారు. ఈసారి ఫ్యాన్లు లేవు. ఐస్ బండివాడో పశువులో గేటు దగ్గరికి రాకుండా లత టీచరు బయట కాపలా నిలబడింది. యుగేందర్ కెమెరా నొక్కి, "గూడ్సుకు మాత్రం నాది పూచీ కాదవ్వా," అని లచ్చి చెవిలో చెప్పి, నోటి మీద వేలు పెట్టుకుని వెనక్కి జరిగాడు.

గీత మొదలుపెట్టింది.

షూమన్ ముక్కలు ఒకటి తర్వాత ఒకటి సాగాయి. చిన్నచిన్నవి, ఒకటి గంతులేసేది, ఒకటి బుద్ధిగా నడిచేది. మధ్యాహ్నం దుమ్ములో వాటిని లచ్చి విననేలేదు, ఇప్పుడు విన్నది. ఇది తన టీక్యా బిడ్డేనా అనుకుంది. రెండు చేతులూ రెండు పనులు చేస్తున్నాయి. మిర్చి ఏరడంలో తండాలో తనను మించిన చెయ్యి లేదని లచ్చికి గర్వం. ఆ చెయ్యే మనవరాలికి వచ్చిందని తీర్పు ఇచ్చుకుంది. చంద్రి వైపు చూడలేదు, చూస్తే ఆమె కూడా తన చెయ్యే అంటుంది.

తర్వాత షోపాన్ రాత్రి పాట.

ఎడమ చెయ్యి ఒకే తీరుగా, నెమ్మదిగా నడుస్తోంది. దాని మీద కుడి చెయ్యి ఒక మాట ఎత్తుకుంది. పైకి పోయి ఆగింది. మళ్లీ అదే మాట ఎత్తుకుంది, ఈసారి కొంచెం వణికించి, కొంచెం సాగదీసి. మూడోసారి అదే మాట, గొంతు పూడుకుపోయి మళ్లీ తెరుచుకున్నట్టు. లచ్చి వీపు నిటారైంది. ఇది ఆమెకు తెలుసు. ఏ దేశం వాడు కట్టాడో, ఏ కాలంలో కట్టాడో ఆమెకు అక్కర్లేదు. ఇది ఢావ్లో.

తండాలో ఆడపిల్ల గడప దాటేటప్పుడు ఆడవాళ్లు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి రాగం తీసి ఏడుస్తారు, అదే ఢావ్లో. ఉత్త ఏడుపు కాదు, పాట. పెద్దది ఒక వరుస ఎత్తుకుంటుంది, పోయే పిల్ల దానికి బదులు అంటుంది. దానికొక కట్టు ఉంది: ఎవరినీ ఒంటరిగా ఏడవనివ్వకూడదు. ఒకతె రాగం ఎత్తుకున్నదంటే పక్కనున్నది శత్రువైనా సరే మెడ పట్టుకుని గొంతు కలపాలి. కలపకపోతే మనిషే కాదంటారు. లచ్చి తన జీవితంలో ఎందరి మెడలు పట్టుకుని పాడిందో లెక్క లేదు. గీతకు మాత్రం పాడలేదు.

ఎనిమిదేళ్ల కిందట పిల్లను హాస్టల్లో వదలడానికి వచ్చింది తనే. "మీరు ఏడిస్తే పిల్ల నిలవదమ్మా. దాన్ని నేను మరిపిస్తాను, మీరు చెప్పకుండా వెళ్లిపోండి," అంది లత టీచరు. మంచికే అంది. గీతను తీసుకెళ్లి ఈ పెట్టె ముందే కూర్చోబెట్టి, మెట్లు నొక్కి చూపించింది. పిల్ల మొదటిసారి అటు తిరిగి నవ్విన క్షణాన లచ్చి వెనక గేటు నుంచి దొంగలా జారుకుని స్టేషనుకు పోయింది. మెడ పట్టుకోలేదు, రాగం తీయలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎన్ని రాత్రులు ఏడ్చిందో, ఎవరు గొంతు కలిపారో లచ్చి ఎన్నడూ అడగలేదు. అడిగే ధైర్యం లేక తిట్లతో, నవ్వులతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు పిల్ల ముప్పై మంది ఎదుట ఒంటరిగా రాగం తీస్తోంది, తనేమో చేతులు కట్టుకుని కూర్చుంది.

గొంతులో వరుస వచ్చి నిలబడింది. మాటలతో సహా వచ్చింది. నోరు తెరిస్తే చాలు. తెరిస్తే సీటు పోతుంది. లచ్చి తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. పక్కన చంద్రి భుజాలు అదురుతున్నాయి, ఆమె కూడా గుర్తుపట్టింది. వెనక బెంచీల్లో ఆడవాళ్లందరూ గుర్తుపట్టారు. ఒక్కరు ఎత్తుకుంటే అన్ని గొంతులూ లేస్తాయి. అందరూ లచ్చి వీపు వంక చూస్తున్నారు. లచ్చి చంద్రి చెయ్యి దొరకబుచ్చుకుని ఎముకలు నలిగేటట్టు పిసికింది. కళ్ల నీళ్లు కారనిచ్చింది, నీళ్లకు చప్పుడు లేదు. ముక్కు ఎగబీల్చలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని ఆమె చేయలేదు, నలుగురు పిల్లలను కన్నప్పుడు కూడా.

రాత్రి పాట అయిపోయింది. తర్వాతి పెద్ద రచన కోపంగా మొదలై, నిలువునా విరుచుకుపడి, గీత జుట్టు మొహం మీద పడేదాకా తీసుకెళ్లింది. దూరంగా ఎక్కడో బండి కూత వినబడింది. యుగేందర్ కళ్లు మూసుకున్నాడు. కూత దగ్గరికి రాలేదు, ఊరి బయట ఔటర్ సిగ్నల్ దగ్గరే నిలిచిపోయినట్టుంది. చివరగా బ్రామ్స్. ముసలివాళ్లు పొద్దుటి ఎండలో కూర్చుని తమలో తాము మాట్లాడుకున్నట్టు ఉంది అది. లచ్చి నోట్లోంచి చెంగు తీసింది. ఆఖరి మెట్టు మీది నుంచి గీత వేలు తీసింది. గోడ గడియారం నాలుగు ఇరవై మూడు చూపిస్తోంది. ఒక్క తప్పు లేదు, ఒక్క తుమ్ము లేదు.

గీత లేచి, టీచరు నేర్పినట్టు నమస్కారం పెట్టి తల వంచింది.

హాల్లో చప్పట్లు లేవు.

ఒట్టు ఒట్టే. ముప్పై ఇద్దరూ బొమ్మల్లా కూర్చున్నారు. దస్రు చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. యుగేందర్ కదిలితే స్టాండు కదులుతుందని ఊపిరి కూడా తీయడం లేదు. లత టీచరు తలుపు అవతల ఉంది. గీత తల ఎత్తింది. అందరి మొహాలూ చూసింది, వరుసగా. ఎవరూ నవ్వడం లేదు. కొందరి కళ్లు ఎర్రగా ఉన్నాయి, అవి మధ్యాహ్నం మిర్చివే అనుకుందో ఏమో. పిల్ల మొహం మెల్లగా వాడిపోయింది.

"దాదీ," అంది గీత. "బాగలేదా?"

లచ్చి లేచింది. ఒట్టు పెట్టింది తను, విప్పాల్సిందీ తనే. నాలుగడుగులు వేసి, పియానో పక్కన నిలబడిన మనవరాలి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, తడి రవికె ఆనేటట్టు దగ్గరికి లాక్కుని, నోరు తెరిచింది. తిట్టు రాలేదు, మెచ్చుకోలూ రాలేదు. ఇందాకటి నుంచి గొంతులో నిలబడి ఉన్న వరుస వచ్చింది. నా గూటి పిట్టా, ఏ చెట్టున వాలుతావే, నీ ఆకలి ఎవరు అడుగుతారే అని రాగం తీసింది. వెనకే చంద్రి వచ్చి ఇద్దరినీ కలిపి పట్టుకుంది. బెంచీల మీది ఆడవాళ్లంతా లేచి అందుకున్నారు. ఆ హాలు ఎన్ని ప్రార్థనలు విన్నదో గానీ ఇది మాత్రం వినలేదు.

లత టీచరు తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె ఎవరినీ ఆపలేదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. యుగేందర్ ఫోను ఆపి, వీడియో చెన్నైకి పంపే పనిలో పడ్డాడు.

గీత మొదట బిగుసుకుపోయింది. తర్వాత ఒక్కసారిగా నాయనమ్మ మీద వాలిపోయింది. ఏడుపు మధ్యలో, ఆమె చెవి దగ్గర అడిగింది.

"దాదీ, గిది పోయేటోల్లకు గదా పాడేది. సీటు ఇంకా రాలె. గిప్పుడే సాగనంపుతున్నవా?"

"వస్తది. రాకుంటే ఇంకొకటొస్తది. నువ్వు పోతవు బిడ్డా, నా చెవులతోని ఇన్న. అప్పుడు దొంగలెక్క పోయిన నేను. ఈ తాప మెడ వట్టుకొని తోలిస్త. నువ్వు గూడ అనాలె, బదులు అనాలె."

"నాకు రాదు దాదీ. నాకెవరు నేర్పిన్రు?"

లచ్చి ఒక వరుస పాడి ఆగింది. గీత దాన్ని పట్టుకుని, తడబడుతూ తిరిగి అంది. లచ్చి రెండో వరుస పాడి ఆగింది.